ఉద్యాపన లేని నోము

“ఆ రెండు ముద్దలు నువ్వు తినేస్తే గిన్నె కడిగేయొచ్చు గదమ్మా స్మితా” అంది మా అత్త మనోరమ, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

గిన్నెలో ఉన్నది చిత్రాన్నం. పొద్దుటిది. వేరుశనగ గింజలన్నీ ఎవరో ఏరుకుని తినేయగా అడుగున నూనెకు అంటుకుపోయిన అన్నం. దాని పక్కన మా ఆయన గిరీష్ తిని లేచిన కంచం. అంచు మీద నమిలి ఉమ్మిన ములక్కాడ పిప్పి, చీకి పక్కన పెట్టిన కరివేపాకు, నడుమ పెరుగన్నంలో అయిదు వేళ్ళ గుర్తులు. ఇంకో గుప్పెడు అన్నం అలాగే ఉంది. ఎప్పుడూ గుప్పెడు వదులుతాడు. అది నా కోసమట. మొగుడి కంచంలో తింటే అన్యోన్యంగా ఉంటారని పెళ్ళయిన కొత్తలో అత్తే చెప్పింది. ఇరవై రెండేళ్ళు తిన్నాను. అన్యోన్యం సంగతి నాకు తెలియదు గానీ ఒళ్ళు మాత్రం బాగా వచ్చింది.

ఇప్పుడా కంచం చూస్తే ఛీ అనిపిస్తుంది. ఆ మాట పైకి అంటే ఈ ఇంట్లో మహాపాపం, అన్నాన్ని ఛీ అనకూడదు అంటారు. నేను ఛీ అంటున్నది అన్నాన్ని కాదు తల్లీ అని అత్తకు చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఎవరి నోట్లోనో నానిన వేళ్ళు కెలికి వదిలేసినదాన్ని నా నోట్లో పెట్టుకుని, దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నానే, ఆ నన్ను చూస్తే నాకే రోతగా ఉంటుంది. అయినా ఆ రోజు కూడా తిన్నాను. చిత్రాన్నమూ తిన్నాను, గుప్పెడూ తిన్నాను. ఆకలి లేదు. అప్పటికే నా భోజనం అయిపోయింది. గిన్నె కడిగేయాలి, అంతే.

నేను లావుగా ఉన్న రోజుల్లో మా ఆయన అంగడికొచ్చినవాళ్ళ దగ్గర ఒక హాస్యం చెప్పేవాడు. హొసూరు పక్కన, కర్ణాటక సరిహద్దులో, జూజువాడి చెక్‌పోస్టుకు కొంచెం ఇవతల ఉంది మా అంగడి. మా మామగారి పేరు మీద బద్రీనాథ్ స్టోర్స్. లారీవాళ్ళు, బండ్ల మీద పోయేవాళ్ళు, అత్తిబెలె వైపు నుంచి వచ్చే కన్నడంవాళ్ళు, ఎప్పుడూ జనం ఉంటారు. “మాకు గోడౌన్లు రెండుండాయప్పా. ఒకటి అంగడి ఎనక, ఇంకోటి ఇంట్లో” అనేవాడు నన్ను చూపించి. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే ‘హాస్యం కూడా తెలీదు మే నీకు’ అంటాడు కాబట్టి. ఆయన పొట్ట బెల్టు దాటి ఒక జానెడు ముందుకు వచ్చి ఉంటుంది. దాన్ని గురించి హొసూరులో ఎవరూ నోరెత్తరు. అది వ్యాపారస్తుడి పొట్ట, లక్ష్మీకళ. ఆడదాని ఒంటి మీదికొచ్చేసరికి అదే గోడౌను.

మోకాళ్ళు పట్టేసి, ధాన్యం ఆరబోయడానికి మిద్దె ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు డాక్టరు బరువు తగ్గాల్సిందే అన్నాడు. డైటీషియన్ ఇంద్రాణిగారి దగ్గరికి పంపించాడు. ఆ డాక్టరు క్లినిక్ పైగదిలోనే శనివారం మధ్యాహ్నం ఆమె ఆడవాళ్ళను కూర్చోబెట్టి క్లాసు తీసుకుంటుంది. “తినకుండా ఉండేదానికి కూడా క్లాసా? నోరు మూసుకుంటే పోతాది గదా!” అన్నాడు మా ఆయన. అయినా పోయాను. ఒక ఏడాదిలో పద్దెనిమిది కిలోలు తగ్గాను.

ఆ ఏడాది మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. నిజం చెప్పాలి కదా. మిగిలినదంతా వెనకవీధి ఆవుకు వేసింది. “మా కోడలు పథ్యంలో ఉండాది” అని ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పింది. పథ్యమన్నా నోమన్నా మా ఇంట్లో మర్యాద ఎక్కువ. ఎందుకంటే రెండూ ఒకనాటికి అయిపోతాయి. ఇక చాలు, బాగున్నావు అని డాక్టరు అన్నాడో లేదో, ఆ శుక్రవారమే అత్త అయిదుగురు ముత్తైదువలను పిలిచి ఒబ్బట్లు చేయించింది. చేయించింది అంటే చేసింది నేనే. అందరికీ పసుపు కుంకుమలిచ్చి, “నా కోడలి పథ్యం తీరిందమ్మా, దేవుని దయ” అంది. నా ఆకులో మూడు ఒబ్బట్లు వేసి, నెయ్యి ధారగా పోసి, తలమీద అక్షింతలు వేసింది. నా తగ్గుదలకు ఉద్యాపన చేసింది మా అత్త. పాపం, ప్రేమగానే చేసింది. మరుసటి రోజు నుంచి ఆవుకు వేయడం మానేసింది. నా వాటా నాకు తిరిగొచ్చింది.

మా ఆయన సంతోషం ఇంకో రకం. “నేను చెప్పి చెప్పి తగ్గించినానప్పా” అని ఫోనులో అందరికీ చెప్పుకున్నాడు. పడకగదిలో నన్ను ఎగాదిగా చూసి, “ఇప్పుడు పరవాలేదు మే, నీ పక్కన నిలబడొచ్చు” అన్నాడు. బొజ్జ నిమురుకుంటూ అన్నాడు ఆ మాట. ఇరవై రెండేళ్ళుగా ఆయన పక్కన నిలబడుతున్నాను, ఆ చెమట బనీను పక్కన, ఆ త్రేన్పుల పక్కన. నాకెప్పుడైనా పరవాలేదా అని ఎవరడిగారు? ఆ రాత్రి ఆయన చెయ్యి నా నడుము కొలుస్తుంటే పంది కొవ్వును పట్టి చూసే కసాయివాడు గుర్తొచ్చాడు. అటు తిరిగి పడుకున్నాను.

కోమటి బుర్ర ఊరికే ఉండదు. నెల తిరక్కుండా ‘స్మిత సిరిధాన్యాల హిట్టు’ అని ఒక పొట్లం తెచ్చాడు. కొర్రలు, సామలు, రాగులు దోరగా వేయించి పట్టించిన పిండి. వేయించేది ఎవరు? ఇంకెవరు, స్మితే. పొయ్యి ముందు నిలబడి, పొగకు కళ్ళు మండుతుంటే మాడిపోకుండా గంటల తరబడి తిప్పేదాన్ని. ఆ పిండిని నేను జన్మలో ఒక్క గుక్క తాగలేదు. పొట్లం మీద మాత్రం నా ముఖం వేశారు, అది తాగే నేను సన్నబడ్డానని. ఇదేమిటని అడిగితే, “నీ ఒళ్ళు ఊరికే తగ్గి ఏం లాభం? నాలుగు పొట్లాలు పోతాయంటే నీకేం నొప్పి?” అన్నాడు.

ఒకరోజు పిండి సంచులు దింపడానికి అంగడికి పోయాను. ఆటో దిగి తలెత్తితే, రోడ్డు మీదికి కనబడేలా ఇంత పెద్ద ఫ్లెక్సు. అందులో రెండు నేను. ఒకటి మా మరిది పెళ్ళిలో తీసింది, చేతిలో లడ్డూ, గడ్డం కింద గడ్డం. ఇంకొకటి ఈ మధ్యది, నాకు తెలియకుండా మిద్దె మీద తీసింది. కింద కిలోలు కూడా వేశాడు, మూటలకు వేసినట్టు. తమిళంలో ఏదో ఉంది, తెలుగులో ‘ముందు’, ‘తర్వాత’ అని ఉంది. ఆ కిందే కన్నడం. ఆ కన్నడం చూసి ఇద్దరు ఆడవాళ్ళు ఫ్లెక్సు కింద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

“నోడ్రే, హిందె సణ్ణగిద్రంతె, ముందె దప్ప ఆగ్తారంతె! ఈ హిట్టు తిందరె హీగాగ్తారా?” అంటోంది వాళ్ళలో పెద్దావిడ.

నాకు వెంటనే అర్థమైంది. మా ఆయన తెలుగు ‘ముందు’ను కన్నడంలో ‘ముందె’ అని రాయించాడు, దానికి ఎదురుమాట ‘హిందె’ కదా అని రెండో బొమ్మ మీద అది వేయించాడు. కన్నడంలో ముందె అంటే ఇకమీదట. హిందె అంటే మునుపు. లడ్డూ పట్టుకున్న లావు బొమ్మ మీద ‘ఇకమీదట’, సన్నటి బొమ్మ మీద ‘మునుపు’. అంటే మునుపు సన్నగా ఉండేదట, ఈ పిండి తిని ఇకమీదట ఇలా ఊరుతుందట! ఈయన కన్నడం ధర చెప్పడానికీ చిల్లర లేదనడానికీ సరిపోయే అంగడి కన్నడం. నేను మాలూరులో పుట్టి పదో తరగతి దాకా కన్నడంలో చదివినదాన్ని. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఫొటో వేస్తానని అడగలేదు, పేరు పెడతానని అడగలేదు, ఇంక అక్షరానికి అడుగుతాడా?

నవ్వు ఎందుకో మా ఆయనకు తెలియలేదు. నమ్మక నవ్వుతున్నారనుకున్నాడు. గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, “అబద్దం కాదమ్మా, ఆయమ్మే ఈడ నిలబడుండాది చూడండి! స్మితా, రా, కాటా ఎక్కు” అన్నాడు.

కాటా అంటే బియ్యం మూటలు తూచేది. నేల మీద ఇనుప పలక, పైన ఎర్ర అంకెలు. ఎందుకు ఎక్కానో నాకిప్పటికీ తెలియదు. కాళ్ళకు అలవాటు, పిలిస్తే పోవడం. చెప్పులు విప్పి, సంచులు కింద పెట్టి, మూటలు ఆనించే చోట నిలబడ్డాను. అంకెలు పరుగెత్తి ఆగాయి. ఫ్లెక్సులో సన్నటి బొమ్మ కింద వేసినదానికన్నా మూడు కిలోలు ఎక్కువ.

మా ఆయన వ్యాపారస్తుడు కదా, మాటకు తడుముకోడు. “గోనె బరువు తీసేయండప్పా, సరిపోతాది” అన్నాడు నా చీర చూపించి. మూటలు మోసేవాళ్ళు పగలబడి నవ్వారు. నేను కట్టుకున్నది నూలుచీర. అంతదాకా నవ్విన ఆ కన్నడామె మాత్రం నవ్వు ఆపేసి నా వైపు చూసింది, ఇంకో ఆమె చెయ్యి పట్టుకుని “బా హోగోణ”, రా పోదాం అని వెళ్ళిపోయింది. ఆ మనిషికి నేను ఏమీ కాను. ఆమెకు సిగ్గేసింది, ఈయనకు వేయలేదు.

జనం పలచబడ్డాక నన్ను అంగడి వెనక్కి తీసుకుపోయాడు. “మూడు కిలోలు! ఏం తింటా ఉండావు మే దొంగతనంగా? నా మానం తీసేదానికా? పొట్లాలు యాడ పోతాయి ఇంక? రేపటి నుంచి నీకు అన్నం బంద్.”

దొంగతనంగా అట! ఆయన చూస్తుండగా, ఆయన కంచంలో, ఆయన వదిలేసిన గుప్పెడు తిన్నాను. అది దొంగతనమట. వాళ్ళమ్మ నా ముందుకు తోసిన గిన్నెలు నాకాను. అదీ దొంగతనమే. లావైతే గోడౌను, తగ్గితే సరుకు, మళ్ళీ పెరిగితే దొంగ. మనిషి అనే మాట మాత్రం ఈ మూడింటిలో యాడా లేదు. ఇంటికి వచ్చి స్నానం చేశాను. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా ఆ నవ్వు పోలేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆ మూడు కిలోలు. మోకాలు మళ్ళీ కలుక్కుమనడం మొదలైంది. ఏడాది కష్టపడి దించుకున్నది ఇలాగే గుప్పెడు గుప్పెడుగా ఎక్కి కూర్చుంటుందని తెలుస్తూనే ఉంది. మళ్ళీ మిద్దె ఎక్కలేను. మళ్ళీ బాత్రూములో గోడ పట్టుకుని లేవాలి. ఇప్పుడు పెరిగిందంటే ఇంకోసారి తగ్గించే ఓపిక నాకు లేదు, నా ఒళ్ళు నేను పోగొట్టుకున్నట్టే.

శనివారం క్లాసుకు పోవడానికి ముఖం చెల్లలేదు. అయినా పోయాను. ఇంద్రాణిగారు ఎవరినైనా తెర చాటున ఒక్కరినే నిలబెట్టి తూస్తుంది, అంకె పైకి చదవదు. ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, తిట్టకుండా ఒకటే అడిగింది. “స్మితా, ఈ మూడు కిలోల్లో నీ ఆకలిది ఎంత?”

ఆలోచించాను. ఏమీ లేదు. చిత్రాన్నం అడుగు, మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు కొరికి వదిలిన దోసె, మీగడ కట్టిందని అత్త తాగని పాలు, మామిడికాయల కాలమంతా చెంపలు వాళ్ళకూ టెంకలు నాకూ, ఆ పైన ఆ గుప్పెడు. ఇదంతా చెప్పాను. గుప్పెడు సంగతి చెప్పేటప్పుడు గదిలో కొందరు ముసిముసిగా నవ్వారు. అత్తిముగం నుంచి వచ్చే మంజులమ్మ నవ్వలేదు. “మా ఇంట్లోనూ అంతేనక్కా. మొన్న ఆయన కంచంలో పన్ను కుట్టుకునే పుల్ల దొరికింది. తీసి పక్కన పెట్టి తిన్నాను” అంది. ఎవరూ నవ్వలేదు ఆ తర్వాత.

“తగ్గేదానికి ఏడాది చాలమ్మా” అంది ఇంద్రాణిగారు. “నిలుపుకునేదానికి ఉండే ఆయుస్సంతా కావల్ల. దీనికి ఉద్యాపన లేదు. ఒకపూట జారినారా, ఎట్లాగూ చెడిపోయిందిలే అని ఒబ్బట్ల మీద పడొద్దు, మరు పూటకే సరిచేసుకోండి. ‘ఇంక వద్దు’ అనేది నేర్చుకోవల్ల. రండి, నేను మీ అత్త.”

అందరి చేతుల్లో ఖాళీ కంచాలు పెట్టి, ఒక గరిటె తీసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. “ఇంకొంచెం పెట్టుకోమ్మా, ఇంతే గదా ఉండేది” అంటుంది, మేము వద్దనాలి. మంజులమ్మ వద్దు వద్దు అంటూనే కంచం ముందుకు చాపింది. ఈసారి అందరం కడుపారా నవ్వాము. నా వంతు వచ్చింది. చాలు అన్నాను. నా చెవికే అది ఇంకొంచెం వేయమన్నట్టు వినిపించింది.

“మా అత్త దగ్గర ఇది జరగదు మేడమ్. ఆమె ‘వద్దు’ అనే మాట వినదు” అన్నాను.

“అయితే అనొద్దు. జారేచోట నిలబడి జారకుండా ఉండల్లంటే కష్టం. ఆ చోటికే పోకుండా ఉండేది సులువు. నువ్వు ఇంట్లో ఎప్పుడు తింటావు?”

“అందరూ తిన్నాక.”

“అదేనమ్మా నీ జారేచోటు. అందరూ తిన్నాక తినేదానికి మిగిలిందే గదా తిండి” అంది ఆమె, గరిటె బల్ల మీద పెట్టేసి.

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే. ఎంత చిన్న సంగతి! నా తిండి నేను వేళకు తినడానికి ఇంత చదువుకున్న మనిషి వచ్చి చెప్పాలా? మా అమ్మ అలాగే తినింది, అత్తా అలాగే తినింది, మామగారు పోయేదాకా. ఇప్పుడామె ముందు పంక్తిలో కూర్చుంటుంది, కొడుకుతో పాటు. ఆ పంక్తి చేరడానికి మొగుడు పోవాలి కాబోలు! ఆ ఆలోచనకు నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ తర్వాత ఆ ఆలోచన పుట్టించిన ఇంటి మీద వేసింది.

మరునాడు ఆదివారం. ములక్కాడ సారు, బీన్స్ పల్యం కూర, ముద్దపప్పు, సంగటి, అన్నం చేసి బల్ల మీద పెట్టాను. అల్మరాలోంచి చుట్టాలు వస్తే తీసే చిన్న కంచం ఒకటి తీశాను. నాకు కావలసినంత సంగటి, దానికి రెండింతలు పల్యం, కొంచెం పప్పు వేసుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి ముద్ద వేడిగా ఉంది. నా వంట ఇంత వేడిగా తిని ఎన్నాళ్ళయిందో.

అత్త వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. “ఏమ్మా, ఒంట్లో బాగలేదా?”

“బాగుండాను అత్తా. రండి, కూర్చోండి.”

“గిరి ఇంకా తినలేదే!”

“తినమనండి. నేనేమన్నా పట్టుకోనుండానా?”

మా ఆయన ఫోను చూస్తూ వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది. కూర్చుని, అలవాటుగా ఖాళీ కంచం ముందుకు తోసి ఆగాడు. ఎవరూ వడ్డించడం లేదని తెలుసుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

“నాకేసేదెవరు?”

“గిన్నెలు మీ ముందరే ఉండాయి.”

వాళ్ళమ్మే లేచి వేసింది. రెండు ముద్దలు తిన్నాక అసలు సంగతి బయటపెట్టాడు. “ఆ ఫ్లెక్సులో కన్నడం తప్పంట గదా? చెక్‌పోస్టు అంతా నగుతా ఉండారు. నువ్వు చదివినావు గదా, తెలిసీ చెప్పలేదేమి?”

“చదివినాను. అందులో తప్పేమీ లేదు. నేను ఇట్లే తింటా ఉన్నింటే ముందుకి అదే అయ్యుందును.”

“ఎచ్చు మాట్లాడొద్దు. సాయంత్రం ఫొటోకి రా. ఈ మూడు కిలోలు కనబడకుండా తీయమంటాను. అంతదాకా అన్నం ముట్టొద్దు.”

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే అత్త పప్పుగిన్నె నా వైపు జరిపింది. “ఇంత ఉండాదమ్మా, వేసుకో. చెడిపోతాది.” కొడుకు ముట్టొద్దంటున్నాడు, తల్లి వేసుకోమంటోంది. ఇద్దరికీ అందులో వింతేమీ కనబడలేదు. నాకు నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వాను.

“నేను రానండి. నా బొమ్మలు రెండూ తీయించేయండి, పొట్లం మీదిది కూడా. లేదంటే అంగడి ముందర నిలబడి, ఆ హిట్టు నేనెన్నడూ తాగలేదని నేనే చెప్తాను. కన్నడంలో చెప్తాను, తప్పు లేకుండా.”

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఏమేమో అన్నాడు. కొవ్వెక్కింది అన్నాడు. ఎవరు నేర్పిస్తున్నారు నీకు అన్నాడు. నేను పల్యం నెమ్మదిగా నమిలాను. కడుపు నిండింది, ఆపేశాను. లేచి నా కంచం కడిగి బోర్లించాను. ఒక్క కంచం కడగడానికి ఎంతసేపు పడుతుంది!

చెయ్యి తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి మా ఆయన లేచి వెళ్ళిపోయాడు. కంచంలో ములక్కాడ పిప్పి, ఎప్పటిలాగే గుప్పెడు అన్నం. గిన్నెలో పప్పు. అత్త కాసేపు కంచాన్ని చూసింది, గిన్నెను చూసింది, నన్ను చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. నిజంగానే దారి తెలియని మనిషి ముఖం అది.

“అయితే ఈ మిగిలింది ఎవరు తింటారు?” అని అడిగింది.

ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరైనా ఆ ప్రశ్న అడగగా వినడం నాకదే మొదటిసారి.